మా అమ్మమ్మకి లేని ఆవిర్లు మా అమ్మకెందుకు?

నీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి చదివేవాళ్ళ కోసం ముందు కుదించి చెబుతాను. మీ అమ్మగారికి 48 ఏళ్ళు, విజయవాడలో టీచర్. ఏడాదిగా డేట్ రెండు నెలలకోసారి వస్తోంది. క్లాసులో పాఠం చెబుతుండగా ఒళ్ళంతా సెగ కమ్మి చెమటలు పడుతున్నాయి (ఆవిర్లు అనేది వీటినే), రాత్రిళ్ళు నిద్ర లేదు. గుండె దడ అంటే ఈసీజీ తీయించారు, బాగానే ఉంది. మీ అమ్మమ్మగారూ పెద్దమ్మగారూ "మాకివేమీ లేవే, మీ అమ్మ అన్నీ ఊహించుకుంటోంది" అంటున్నారు. సత్తెనపల్లి దగ్గర పల్లెలో ఉండే మీ పిన్నికి 32 ఏళ్ళకే గర్భసంచి తీసేశారు. "నాకా గోలే లేదు" అంటుంది గానీ 38 ఏళ్ళకే మోకాళ్ళు పట్టుకుని లేస్తోంది. బయటి దేశాల్లో ఈ ముట్లుడిగే దశకి, అంటే మెనోపాజ్‌కి, ఉద్యమాలు, సెలవులు అని నెట్‌లో చూశావు. ఇది నిజంగా అందరికీ ఉండేదేనా, చదువుకున్నవాళ్ళ ఫ్యాషనా, మన దగ్గర ఎవరైనా దీని గురించి పోరాడుతున్నారా అని అడిగావు.

నువ్వు మా అమ్మాయి వయసుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు. గుంటూరులో ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా చేశాను, ఎక్కువ భాగం స్త్రీల వార్డులోనే. రిటైరయ్యాక విజయవాడలో ఉంటున్నాను. డ్వాక్రా సంఘాలవాళ్ళు, చర్చి స్త్రీల మైత్రివాళ్ళు పిలిస్తే వెళ్ళి ఈ విషయమే మాట్లాడుతుంటాను. డాక్టర్ని కాను, మందు రాయను. అయితే డాక్టరుకి చెప్పని మాటలు నర్సుకి చెబుతారు. ఆ మాటల మీదే ఈ సమాధానం.

ముందు మీ పెద్దమ్మగారి మాట చూద్దాం. "మాకివేమీ లేవే" అన్నది నేను వార్డులో విన్నన్నిసార్లు ఎవరూ విని ఉండరు. చాలాకాలం నేనూ నమ్మాను. కష్టపడి పని చేసుకునేవాళ్ళకి ఇవన్నీ ఉండవు, నీడపట్టున కూర్చునేవాళ్ళకే వస్తాయి అనుకునేదాన్ని. ఆ నమ్మకం ఒక మిర్చి షెడ్డులో పోయింది.

గుంటూరు శివార్లలో ఒక కోల్డ్ స్టోరేజీ పక్కన రేకుల షెడ్డు. మూతికి గుడ్డ కట్టుకుని ముప్పై మంది దాకా ఆడవాళ్ళు గోనెపట్టాల మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నారు, తాలు కాయలు పక్కకి ఏరుతున్నారు. తూకం లెక్కన కూలి, కాబట్టి నాతో మాట్లాడుతున్నా చెయ్యి మాత్రం ఆగదు. నాకు లోపల అడుగుపెట్టగానే తుమ్ములు మొదలయ్యాయి. కాసేపయ్యాక నలభై దాటినవాళ్ళ వైపు తిరిగి, "ముట్లుడిగే వయసులో మీకేమన్నా ఇబ్బంది ఉందా, ఆవిర్లు లాంటివి?" అని అడిగాను. ఒకావిడ నవ్వింది. "మిరపకాయల్లో కూర్చున్నోళ్ళకి వేరే ఆవిర్లు కావాలా అమ్మా?" అంది. అందరూ నవ్వారు. సరే, ఏమీ లేవన్నమాట అనుకుని వేరే విషయానికి వెళ్ళబోయాను. అప్పుడు వెనక వరసలో ఒకావిడ తలెత్తకుండానే, "సంక్రాంతి చలిలో కూడా తెల్లారుగట్ట జాకెట్టు తడిసిపోద్ది. నేను ఫ్యాన్ వేస్తా, మా కోడలు ఆపుద్ది. రోజూ ఇదే గొడవ" అంది. ఆ మాటతో తలుపు తెరిచినట్టయింది. ఒకరికి దుప్పటి విసిరికొట్టే రాత్రులు, ఒకరికి ఉన్నట్టుండి గుండె దడ, ఇంకొకరికి చిన్న మాటకే ఏడుపు. "మరి ఇందాక ఏమీ లేదన్నారే?" అంటే, ఆ మొదటావిడే, "ఇబ్బంది ఉందా అనడిగావు. ఇది ఇబ్బందని మాకెవరు చెప్పారు?" అంది.

అప్పటినుంచీ నేను "ఆవిర్లు వస్తున్నాయా" అని అడగటం మానేశాను. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు, ఫ్యాన్ ఎవరు వేస్తున్నారు, ఎవరు ఆపుతున్నారు అని అడుగుతాను. మీ పెద్దమ్మగారిని కూడా అలా అడిగి చూడు. సమాధానం మారితే ఆశ్చర్యపోకు.

అలాగని అందరికీ ఒకేలా వస్తుంది, పైకి చెప్పరంతే అనటం కూడా తప్పే. నిజంగానే తేడాలున్నాయి.

1975లో మార్షా ఫ్లింట్ అనే అమెరికన్ పరిశోధకురాలు రాజస్థాన్, హిమాచల్‌లలో దాదాపు 480 మంది రాజపుత్ర స్త్రీలతో మాట్లాడి రాసింది. వాళ్ళలో చాలామంది ముట్లుడగటం గురించి బాధలేమీ చెప్పలేదట. కారణం ఏమిటంటే, అప్పటిదాకా మేలిముసుగులో, అంతఃపురంలో ఉన్న స్త్రీ ఆ తర్వాత ముసుగు తీసి బయటికొచ్చి మగవాళ్ళ మధ్య కూర్చుని కబుర్లు చెప్పవచ్చు. పోయేదానికన్నా వచ్చేదే ఎక్కువ. అమెరికాలో వయసు మళ్ళిన ఆడదానికి విలువ తగ్గుతుంది, ఇక్కడ పెరుగుతోంది అన్నది ఆవిడ వాదన.

ఇది చదివినప్పుడు నాకు గుంటూరు బ్రాడీపేటలో మేం అద్దెకున్న ఇంటి మామ్మగారు గుర్తొచ్చారు. ముట్టయిన మూడు రోజులూ వరండా గదిలో ఉండి, పచ్చడి జాడీ వైపు చూడటానికి కూడా లేకుండా ముప్పై ఏళ్ళు గడిపిన మనిషి. 50 దగ్గరపడి అది ఆగిపోయాక ఆవకాయ ఆవిడదే, మడి వంట ఆవిడదే, తద్దినాలకి చుట్టుపక్కల నాలుగిళ్ళవాళ్ళు ఆవిణ్ణే పిలిచేవారు. "ఆ పీడ విరగడయ్యాకే అమ్మాయ్ ఈ ఇంట్లో నా మాట చెల్లింది" అనేవారు. శబరిమల సంగతి తెలుసుగా, అక్కడి ఆచారం ప్రకారం 10 నుంచి 50 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళని పంపరు. మా వీధిలో ఇద్దరు 50 దాటిన మరుసటి ఏడే మాల వేసుకుని వెళ్ళొచ్చారు, ప్రమోషన్ వచ్చినంత సంబరంగా. నాతో పనిచేసిన ముస్లిం సిస్టర్ ఒకామె రంజాన్‌లో "ఇప్పుడు మధ్యలో ఆపే పని లేదక్కా, నెలంతా రోజాలే, తర్వాత బాకీ తీర్చే పనే లేదు" అని మురిసిపోయేది. ఇవన్నీ నిజమైన సంతోషాలే. వాటిని తక్కువ చేయను.

కానీ మా అమ్మ సంగతి చెప్పనీ. మా అమ్మ కూలికెళ్ళేది, పత్తి తీయటానికి, మిరప నాట్లకి. ముట్టయిన రోజుల్లో దూరంగా కూర్చోబెట్టే ఇల్లూ మాకు లేదు, అవి ఆగాక నెత్తిన పెట్టుకునే ఇల్లూ లేదు. ముట్టయినా పనికెళ్ళింది, ముట్లుడిగినా పనికెళ్ళింది. ఆవిడకు తెలిసిన మార్పల్లా గుడ్డలు ఉతికి, ఎవరూ చూడకుండా ఆరేసే పని తప్పటం, అంతకుముందు రోజుకి రెండు సాళ్ళు నడిచే మనిషి ఒకటిన్నరకే కూలబడటం. మేస్త్రి దాన్ని బద్ధకమన్నాడు. మేమూ అలాగే అనుకున్నాం. కాబట్టి "మన సంస్కృతిలో పెద్దవయసుకు గౌరవం ఉంది, అందుకే మనవాళ్ళకి బాధల్లేవు" అని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే నాకు ఒళ్ళు మండుతుంది. ఏ ఇంట్లో గౌరవం, ఎవరికి గౌరవం అని అడగాలి. పిల్లలు లేని ఆడమనిషికి, అత్తగారింట్లో మాటలు పడుతూ ఇంకా ఆశ పెట్టుకున్నామెకి, ఆ ఆగిపోవటం ప్రమోషన్ అవుతుందా?

జపాన్ మీద ఇలాంటి పనే మార్గరెట్ లాక్ అనే మానవశాస్త్రవేత్త 1980లలో చేసింది. వాళ్ళు ఆ వయసుని 'కోనెంకి' అంటారు. అది నెలసరి ఆగటం ఒక్కటే కాదు, నలభైల నుంచి యాభైల దాకా సాగే మొత్తం మలుపు. అక్కడి స్త్రీలు ఎక్కువగా చెప్పింది భుజాలు పట్టేయటం, తలనొప్పి. ఆవిర్లు మాత్రం అమెరికా, కెనడా వాళ్ళకన్నా చాలా తక్కువ. మన దేశంలో చేసిన చాలా సర్వేల్లో కూడా కీళ్ళ నొప్పులు, ఒళ్ళు నొప్పులు, నీరసం ముందుంటాయి, ఆవిర్లు వాటి వెనక వస్తాయి. మన ఓపీలో ఆ వయసు మనిషి "ఆవిర్లు" అంటూ రాదు. "మోకాళ్ళు", "నడుం", "కాళ్ళు పీకుతున్నాయి", "వేడి చేసింది", "మతిమరుపు" అంటూ వస్తుంది. నొప్పుల మాత్ర రాయించుకుని వెళ్ళిపోతుంది. మీ పిన్ని మోకాళ్ళు ఇక్కడే గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తాను.

ఇదంతా సంస్కృతి, భాష అనుకుంటే సరిపోతుందా? సరిపోదు. అమెరికాలో 'స్వాన్' అనే పెద్ద అధ్యయనం 1990ల నుంచి అక్కడి వేర్వేరు జాతుల స్త్రీలని, 3,300 మందిని, ఏళ్ళ తరబడి గమనించింది. 2015లో వచ్చిన లెక్కల్లో తరచూ ఆవిర్లు వచ్చినవాళ్ళకి అవి సగటున ఏడేళ్ళకి పైగా ఉన్నాయి. నల్లజాతి స్త్రీలకి పదేళ్ళు. జపాన్ మూలాలవాళ్ళకి ఐదేళ్ళ లోపే. ఒకే దేశం, అవే ఆసుపత్రులు, అయినా ఇంత తేడా. టెన్షన్, డబ్బు ఇబ్బంది, బరువు, పొగ తాగటం లాంటివి కూడా ఇందులో కలుస్తాయని అదే అధ్యయనం చూపింది. అంటే ఊహించుకోవటానికీ దీనికీ సంబంధం లేదమ్మా. శరీరం మోసిన బరువు కూడా లెక్కలోకి వస్తుంది. మీ అమ్మగారికి ఎక్కువ, పెద్దమ్మగారికి తక్కువ ఉండటం పూర్తిగా సహజం. అక్కచెల్లెళ్ళే అయినా ఇద్దరి జీవితం ఒకటి కాదుగా.

ఇప్పుడు పిన్ని దగ్గరికి వస్తాను. నీ ప్రశ్నలో నన్ను ఆపింది అసలు ఆ ఒక్క లైనే. "32 ఏళ్ళకే గర్భసంచి తీసేశారు, ఆవిడకా గోలే లేదు."

మన రాష్ట్రంలో మెనోపాజ్ గురించి మాట్లాడటమంటే సగం ఈ ఆపరేషన్ గురించి మాట్లాడటమే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దేశం మొత్తం మీద 3.2 శాతానికి గర్భసంచి తీసేసి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 8.9 శాతం, దేశంలోకెల్లా ఎక్కువ. తెలంగాణ 7.7తో మన వెనకే ఉంది. ఆపరేషన్ నాటికి సగం మందికి 34 దాటలేదు. మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి.

ఎందుకిలా అంటే నేను చూసిన వరస చెబుతాను. పద్దెనిమిదికి పెళ్ళి, ఇరవై రెండుకి ఇద్దరు పిల్లలు, వెంటనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. పెళ్ళయిన ఆడవాళ్ళలో సుమారు 70 శాతం అది చేయించుకున్న రాష్ట్రం మనది. ఇక ఇరవై అయిదు నుంచీ గర్భసంచి ఇంట్లో పనికిరాని సామాను కింద లెక్క. తెల్లబట్ట అవుతోందనో, రక్తం ఎక్కువ పోతోందనో, నడుం నొప్పనో ఊళ్ళో ఆరెంపీ దగ్గరికి వెళ్తుంది. ఆయన టౌన్‌కి పంపుతాడు. అక్కడ స్కాన్ తీసి "వాపు ఉంది, ముందు ముందు కేన్సర్ అవ్వచ్చు" అంటారు. ఆ ఒక్క మాట చాలు. ప్రతినెలా మూడు రోజులు కూలి పోయే మనిషికి ఆ లెక్క కూడా కలిసొస్తుంది. ఎలాగూ పిల్లలు పుట్టరుగా, తీసేయండి అంటుంది. ఆవిడ తెలివితక్కువది కాదు. తనకు చెప్పినంతలో సరైన లెక్కే వేసుకుంది. సగం లెక్క ఎవరూ చెప్పలేదు, అంతే.

మా చిన్నక్కకి అలాగే చేశారు, 34 ఏళ్ళకి, మా ఊరికి దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్‌లో. తెల్లబట్టే జబ్బు. నేను అప్పటికే నర్సుని, సిగ్గుతో చెబుతున్నా, నాకు ఆపరేషన్ అయ్యాకే తెలిసింది. ఆర్నెల్లు తిరక్కముందే ఆవిర్లు, నిద్రలేమి, దాంపత్యం అంటే మంట, నొప్పి. బావ ఏవేవో అనుమానించాడు. యాభై తిరక్కుండా బాత్రూంలో జారి చెయ్యి ఊనితే మణికట్టు విరిగింది. అప్పుడు పాత కాగితాలు తీస్తే అందులో ఉంది: గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. అక్కకి ఆ మాట పదిహేనేళ్ళు ఎవరూ చెప్పలేదు.

తేడా ఇక్కడుంది, జాగ్రత్తగా చదువు. గర్భసంచి మాత్రమే తీస్తే నెలసరి ఆగుతుంది గానీ అండాశయాలు హార్మోన్లు ఇస్తూనే ఉంటాయి. మామూలు కన్నా కొన్నేళ్ళు ముందు అలిసిపోయే అవకాశం ఉంది, అయినా టైమ్ ఉంటుంది. రెండు అండాశయాలు కూడా తీస్తే ఆ రోజు నుంచే మెనోపాజ్. మెల్లగా ఏళ్ళ మీద జరగాల్సింది ఒక్క రాత్రిలో జరుగుతుంది. 32 ఏళ్ళ మనిషికి ఎముకలకీ గుండెకీ రక్షణ పదిహేనేళ్ళ ముందే పోతుంది. అలాంటివాళ్ళకి, రొమ్ము కేన్సర్ లాంటి అడ్డంకి లేకపోతే, సహజంగా ఆగే వయసు దాకా, అంటే సుమారు 50 దాకా, హార్మోన్ ఇవ్వాలన్నది వైద్యంలో మామూలు నియమం. మా అక్కకి ఒక్క మాత్ర కూడా రాయలేదు.

నువ్వడిగిన పోరాటం మన దగ్గర మొదలైంది కూడా ఈ ఆపరేషన్ మీదే. 2019లో మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు నరికే కూలీల సంగతి బయటపడింది. నెలసరి వస్తే పని ఆగుతుంది, పని ఆగితే జరిమానా, అందుకని చిన్న వయసులోనే గర్భసంచులు తీయించుకుంటున్నారు. ప్రభుత్వం వేసిన కమిటీ సుమారు 82 వేల మంది ఆడకూలీలని విచారిస్తే 13 వేలకు పైగా మందికి ఆ ఆపరేషన్ అయి ఉంది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన ఇలాంటి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. పదేళ్ళకి, 2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లు ఆపటానికి కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలని అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలులోకి తేవాలని కోర్టు చెప్పింది. ఎక్కడెక్కడ ఎంతవరకు అమలైందన్నది వేరే కథ. కానీ ఈ తీర్పు పేరు చెప్పి మీటింగుల్లో మాట్లాడితే ఆడవాళ్ళ కళ్ళలో తేడా కనిపిస్తుంది. మనల్నే కాదు, దేశమంతా ఇలాగే చేశారన్నమాట అని.

తెలుగులో దీనికి ముందు కూడా చరిత్ర ఉంది. హైదరాబాద్‌లో స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు 1990ల మొదట్లోనే 'సవాలక్ష సందేహాలు' అని ఆడవాళ్ళ ఆరోగ్యం మీద పుస్తకం వేశారు, ఆడవాళ్ళు అడిగే మాటల్లోనే. మన పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా వ్యతిరేక పోరాటం మొదలైంది కూడా సాయంత్రం అక్షరాలు దిద్దుకోవటానికి కూడిన ఆడవాళ్ళ మధ్యే. నాకు ఆ పద్ధతి మీద గురి. పది మంది కూర్చుని మన మాటల్లో మాట్లాడుకుంటే తర్వాతిది దానంతటదే కదులుతుంది.

బయటి ఉద్యమాల గురించి అడిగావు. బ్రిటన్‌లో ఎంపీ కారొలిన్ హారిస్, టీవీ ఆమె డవీనా మెకాల్ లాంటివాళ్ళు గట్టిగా మాట్లాడారు. ఇంగ్లండ్‌లో 2023 ఏప్రిల్ నుంచి హార్మోన్ మందులకి ఏడాదికొకసారి కట్టే తక్కువ ఖర్చు పాస్ వచ్చింది. మెనోపాజ్ సెలవు ప్రయోగాత్మకంగా పెట్టి చూడమని అక్కడి పార్లమెంటు కమిటీ 2022లో చెప్తే ప్రభుత్వం ఒప్పుకోలేదు. వాళ్ళలోనూ గొడవలున్నాయి. పోస్టర్ల మీద అందరూ తెల్లావిడలే, మా సంగతేంటి అని లండన్‌లో కరెన్ ఆర్థర్ అనే నల్లజాతి స్త్రీ విడిగా పాడ్‌కాస్ట్ పెట్టుకుంది. నాకది బాగా నచ్చింది. మనకీ అదే సమస్య కదా, బ్రోచర్ల మీద ఏసీ గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న ఆవిడ బొమ్మ వేస్తారు. మిర్చి షెడ్డులో సెలవు అంటే ఆ రోజు కూలి పోవటమే. వాళ్ళు అడిగేవి వేరే. కూర్చునే చోట ఒక ఫ్యాన్, తాగటానికి నీళ్ళు, తలుపు ఉన్న బాత్రూం. మీ అమ్మగారిని అడుగు, స్కూల్లో టీచర్ల బాత్రూం ఎలా ఉందో. ఈ వయసులో బ్లీడింగ్ ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తే ఆగదు. నాకు తెలిసి ఎంతోమంది టీచర్లు ఆ భయానికి పొద్దుట్నుంచీ నీళ్ళు తాగటం మానేసి మూత్రంలో మంట తెచ్చుకుంటారు.

ఇక మీ అమ్మగారి విషయం, సూటిగా. 12 నెలలు వరసగా రాకపోతేనే మెనోపాజ్ అంటారు, అది వెనక్కి చూసి చెప్పే మాట. మీ అమ్మగారు దాని ముందు దశలో ఉన్నారు. మన దేశంలో సగటున 46, 47 ఏళ్ళకే ఆగుతుంది కాబట్టి వయసు సరిగ్గా సరిపోయింది. 45 దాటినవాళ్ళకి దీన్ని తేల్చటానికి హార్మోన్ పరీక్షల ప్యాకేజీ అవసరం లేదు, డబ్బు దండగ. కానీ థైరాయిడ్, రక్తం శాతం, షుగర్, బీపీ మాత్రం చూపించు. దడ, చెమట, నీరసం థైరాయిడ్ వల్ల, రక్తం తక్కువవటం వల్ల కూడా వస్తాయి. రెండూ కలిసి ఉండటం మన దగ్గర మామూలే.

ఆవిర్లు బాగా బాధిస్తుంటే హార్మోన్ చికిత్స గురించి గైనకాలజిస్టుని నేరుగా అడగండి. "కేన్సర్ వస్తుందట" అని పెద్దమ్మగారు అంటారు, రాసిపెట్టుకో. ఆ భయం 2002లో అమెరికాలో ఆగిపోయిన ఒక పెద్ద పరీక్ష నుంచి వచ్చింది. అందులో పాల్గొన్నవాళ్ళ సగటు వయసు 63. ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ రకం హార్మోన్లు రెండూ కలిపి వాడినవాళ్ళలో రొమ్ము కేన్సర్ ఏడాదికి పదివేల మందికి ఎనిమిది మేర పెరిగింది. ప్రమాదం లేదనను. కానీ 60 లోపు, ఆగిన పదేళ్ళలోపు మొదలుపెట్టే ఆరోగ్యవంతురాలికి లాభనష్టాల తూకం వేరేగా ఉంటుంది. గర్భసంచి ఉన్నవాళ్ళకి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇవ్వకూడదు, ప్రొజెస్టరాన్ తోడుండాలి. ఇంట్లో రొమ్ము కేన్సర్, కాళ్ళలో రక్తం గడ్డలు కట్టిన చరిత్ర ఉంటే ముందే చెప్పాలి. హార్మోన్లు వద్దనుకుంటే వేరే మాత్రలూ ఉన్నాయి.

బ్లీడింగ్ ఎక్కువైందని ఎవరైనా వెంటనే "తీసేద్దాం" అంటే లేచి వచ్చేయండి, విజయవాడ సూర్యారావుపేటలో డాక్టర్లకి కొదవ లేదు, ఇంకొకర్ని చూడండి. మాత్రలున్నాయి, హార్మోన్ ఉండే లూప్ ఉంది, అవి పనిచేయకపోతేనే కత్తి. నిజంగా తీయాల్సినవాళ్ళూ ఉంటారు, నేనేమీ ఆపరేషన్‌కి శత్రువుని కాను. ఇంకోటి, ఏడాది పాటు ఆగిపోయి తర్వాత ఒక్క చుక్క కనిపించినా ఆ వారంలోనే చూపించాలి. "మళ్ళీ వయసొచ్చింది" అని నవ్వుకునేవాళ్ళని చూశాను, ఆ నవ్వు వెనక ఆలస్యం వల్ల పోయినవాళ్ళనీ చూశాను.

మీ నాన్నగారి గురించి నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆయనకి తెలుసా? తెలియకపోతే నువ్వే చెప్పు. రాత్రి ఫ్యాన్ స్పీడు దగ్గర పోట్లాడుకునే ఇద్దరిలో ఒకరికి కారణం తెలిస్తే చాలు, సగం చిరాకు తగ్గుతుంది.

పిన్నికి ఈ ఆదివారమే ఫోన్ చెయ్యి. డిశ్చార్జి కాగితాలు ఎక్కడున్నాయో అడుగు. మన ఇళ్ళలో అవి ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బీరువాలో పట్టుచీరల కింద, ఎల్‌ఐసీ బాండ్ల పక్కన ఉంటాయి. అందులో ఆపరేషన్ పేరు ఇంగ్లీషులో ఉంటుంది. టీఏహెచ్ అని ఉంటే పొట్ట కోసి గర్భసంచి తీశారని, వీహెచ్ అంటే కింద నుంచి తీశారని. దాని పక్కన బీఎస్‌ఓ అన్న మూడక్షరాలు ఉన్నాయేమో చూడమను. ఉంటే రెండు అండాశయాలూ తీసేసినట్టే, మోకాళ్ళకి నొప్పి మాత్రలు వాడుతూ కూర్చోకుండా వెంటనే గైనకాలజిస్టుని కలవాలి, ఎముకల పరీక్ష గురించీ హార్మోన్ల గురించీ అడగాలి. లేకపోయినా ఒకసారి చూపించుకోవటం మంచిదే. కాగితాలు పోయి ఉంటే పొట్ట స్కాన్‌లో అండాశయాలు ఉన్నాయో లేదో మామూలుగా చెప్పగలరు. ఫొటో తీసి ఇక్కడ పెట్టేటట్టయితే పిన్ని పేరు, ఆసుపత్రి పేరు, డాక్టర్ సంతకం చెరిపేసి పెట్టు.

మిర్చి షెడ్డులో ఆ వెనక వరసావిడ మరుసటి వారం మీటింగుకి తన కవర్ తెచ్చింది. ఆవిడకి బీఎస్‌ఓ లేదు. ఆవిడ పక్కన కూర్చున్న కోడలికి ఉంది, 29 ఏళ్ళ మనిషి.